బ్లడ్ కల్చర్‌లో మళ్లీ చర్మం క్రిమే వచ్చింది, పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

రాత్రి డ్యూటీ సిస్టర్

అందరికీ నమస్కారం. ఒక పట్టణంలోని ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేరి ఎనిమిది నెలలైంది. ఈ నెలలో నేను తీసిన బ్లడ్ కల్చర్లలో (రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే పరీక్ష) మూడింటికి ల్యాబు నుంచి ఒకే మాట వచ్చింది: "కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టాఫిలోకోకస్, బహుశా చర్మం నుంచి కలిసింది, మళ్లీ పంపండి." మూడోసారి డాక్టర్ గారు రోగి బంధువుల ముందే "రక్తం తీయడం కూడా రాదా" అన్నారు.

ఆ మాట కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది వేరే. బాటిల్‌లో ఏదో పెరుగుతోందని ల్యాబు నుంచి ఫోన్ రాగానే ఆ పెద్దాయనకు వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. అది చర్మం క్రిమి అని తేలడానికి రెండు రోజులు పట్టింది. ఆయన కిడ్నీలు ముందే అంతంతమాత్రం. నేను తీసిన రక్తం వల్ల అక్కరలేని మందు ఆయన ఒంట్లోకి ఎక్కింది.

నేను చేసేది ఇది: గ్లౌజులు వేసుకుంటాను, స్పిరిట్ దూదితో తుడుస్తాను, రక్తం తీస్తాను, బాటిల్‌లో ఎక్కిస్తాను. ఇందులో తప్పు ఎక్కడుంది? మొదటి సంవత్సరంలో మైక్రోబయాలజీ చదివాను, పాసయ్యాను. ఇప్పుడు దాన్ని నిజంగా నేర్చుకోవాలనుంది.

అగర్ పళ్లెం (మైక్రోబయాలజీ డాక్టర్)

సిస్టర్ గారూ, ముందుగా ఒక మాట. మీకు పడిన మాటలు మీ ఒక్కరివే కావు. ఈ పని ఎలా చేయాలో మీకు ఎవరూ పక్కన నిలబడి చూపించి ఉండరు. తప్పు అక్కడ మొదలైంది.

మన చర్మం మీద స్టాఫిలోకోకస్ ఎపిడెర్మిడిస్ (మీ రిపోర్టులో రాసిన కోయాగ్యులేజ్ నెగెటివ్ రకం) ఎప్పుడూ ఉంటుంది. అక్కడ ఉన్నంతవరకు దానివల్ల హాని లేదు. సూది చర్మాన్ని దాటేటప్పుడు దాన్ని తనతో తీసుకుపోయి బాటిల్‌లో వదులుతుంది. బాటిల్‌లో ఉన్నదేమో క్రిములకు విందు భోజనం. ఒక్క క్రిమి పడినా అది రెండు, రెండు నాలుగు అవుతూ పోతుంది. అవి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను బాటిల్ అడుగున ఉన్న సెన్సర్ పసిగట్టి మెషిన్‌లో గంట మోగిస్తుంది. మేము ఒక చుక్క తీసి గ్రామ్ రంగు వేస్తాం. ఊదారంగు గుండ్రటి గుత్తులు కనబడితే "గ్రామ్ పాజిటివ్ కోకై" అని ఫోన్ చేస్తాం. ఆ క్షణంలో అది ప్రాణం తీసే స్టాఫిలోకోకస్ ఆరియస్సో, మీ రోగి చర్మం మీది అమాయకపు క్రిమో మాకు కూడా తెలియదు. రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే మీ డాక్టర్ వాంకోమైసిన్ మొదలుపెట్టడం ఆ సమయానికి సరైన నిర్ణయమే.

ఇప్పుడు నాకు జవాబులు కావాలి. ఎన్ని చోట్ల నుంచి తీశారు? కొత్త సూదితోనా, కాన్యులా (నరంలో ఉంచే ప్లాస్టిక్ గొట్టం) నుంచా? తుడిచాక ఎంతసేపు ఆగారు? తుడిచిన తరువాత నరం కోసం మళ్లీ వేలితో తడిమారా? బాటిల్ రబ్బరు మూతను తుడిచారా? ఎంత రక్తం ఎక్కించారు?

రాత్రి డ్యూటీ సిస్టర్

డాక్టర్ గారూ, దాచకుండా చెబుతాను. ఒక్క చోటు నుంచే తీశాను. రెండుసార్లు అప్పుడే పెట్టిన కాన్యులా నుంచి, ఒకసారి సూదితో. స్పిరిట్ ఆరేదాకా ఆగలేదు. నరం దొరకకపోతే మళ్లీ తడిమాను, గ్లౌజులు ఉన్నాయి కదా అనుకున్నాను. ప్లాస్టిక్ టోపీ కింద ఉంటుంది కాబట్టి రబ్బరు మూత శుభ్రంగానే ఉంటుందని తుడవలేదు. రక్తం మూడు మిల్లీలీటర్లు ఉంటుంది.

పాత ఐసీయూ సిస్టర్ (27 సంవత్సరాల సర్వీసు)

అమ్మాయీ, ఇంత నిజాయితీగా రాశావు, నీకు పని వస్తుంది. నేను మా పిల్లలకు నేర్పే పద్ధతి చెబుతాను.

చేతులు కడుక్కో. నరం ముందే వెతికి పెట్టుకో, అవసరమైతే కట్టు కట్టి చూసి విప్పెయ్యి. బాటిల్ టోపీలు తీసి రబ్బరును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వు, ఎందుకంటే ఆ టోపీ దుమ్ము పడకుండా పెట్టిందే తప్ప కింది రబ్బరు స్టెరైల్ కాదు. చర్మాన్ని 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ కలిసిన ఆల్కహాల్‌తో రుద్ది తుడువు, పైపైన పూసి వదలకు. తరువాత కనీసం ముప్పై సెకన్లు ఆగు. విసరకు, ఊదకు, దూదితో అద్దకు. మందు క్రిమిని చంపేది ఆ ఆరే సమయంలోనే. ఆ తరువాత ఆ చోటు మీద వేలు పెట్టకూడదు. మామూలు గ్లౌజు స్టెరైల్ కాదు. అది నీ చేతికి రక్తం అంటకుండా కాపాడుతుంది, రోగి చర్మానికి అది కూడా ఒక వేలే. తప్పనిసరిగా తడమాల్సి వస్తే స్టెరైల్ గ్లౌజు వేసుకో, లేదా మళ్లీ మొదటి నుంచి తుడువు.

కాన్యులా నుంచి తీయడం మానెయ్యి. రోగికి మళ్లీ పొడవడం ఇష్టం లేక అలా చేస్తావని నాకు తెలుసు. నేనూ చేశాను. కానీ ఆ ఒక్క పోటు మిగిల్చి రెండు రోజుల మందు ఎక్కించడం దయ కాదు.

అగర్ పళ్లెం

పాత సిస్టర్ గారు చెప్పినదానికి రెండు సంగతులు కలుపుతాను.

ఒకటి, రక్తం కొలత. పెద్దవాళ్లలో రక్తానికి ఇన్‌ఫెక్షన్ పాకినప్పుడు మిల్లీలీటరుకు వేల క్రిములు ఉంటాయని చాలామంది అనుకుంటారు. తరచుగా ఉండేది మిల్లీలీటరుకు ఒకటి, లేదా అంతకంటే తక్కువ. మూడు మిల్లీలీటర్లు తీస్తే అసలు దొంగ అందులో లేకపోవచ్చు. అందుకే బాటిల్‌కు 8 నుంచి 10 మిల్లీలీటర్లు అడుగుతాం. పిల్లలకు లెక్క వేరు, వాళ్ల బరువును బట్టి తీయాలి.

రెండు, రెండు చేతుల నుంచి విడివిడిగా, ఒక్కో చేతికి రెండు బాటిళ్ల చొప్పున తీయాలి. నాలుగు బాటిళ్లలో ఒక్కదానిలో మాత్రమే ఎపిడెర్మిడిస్ వస్తే చర్మం నుంచి కలిసిందని ధైర్యంగా చెప్పగలం. రెండు వైపులా అదే వస్తే, అందులోనూ రోగికి సెంట్రల్ లైన్ (పెద్ద నరంలో ఉంచే గొట్టం) ఉంటే, దాన్ని తేలిగ్గా తీసుకోము. అదే క్రిమి ప్లాస్టిక్ గొట్టం మీద జిగురు పొరలా పేరుకుని నిజమైన జబ్బు తెస్తుంది. మీరు ఒకే చోటు నుంచి తీస్తే ఈ తేడా చెప్పడం మా తరం కాదు. ఇక యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే తీయాలి. కానీ షాక్‌లో ఉన్న రోగికి కల్చర్ కోసం మందు ఆలస్యం చేయకండి.

చిన్న ముచ్చట. గ్రామ్ రంగు పద్ధతిని డెన్మార్క్ డాక్టర్ హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో బెర్లిన్‌లో ప్రకటించారు. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, చివర మరో రంగు. గోడ మందంగా ఉన్న బ్యాక్టీరియా ఊదా రంగును వదలదు. గోడ పలుచగా ఉన్నది వదిలేసి గులాబీ రంగు పట్టుకుంటుంది. లక్షల రూపాయల మెషిన్లు వచ్చినా అర్ధరాత్రి మేము మొదట చూసేది ఈ రెండు రంగులే.

పెద్దకొడుకు

నేను వైద్య రంగం వాడిని కాను. ఇక్కడ అడగవచ్చో లేదో తెలియదు. మా నాన్నగారు జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగా జరిగింది. మూత్రానికి గొట్టం పెట్టారు, అది తొమ్మిది రోజులు ఉంది. ఆరో రోజు చలితో జ్వరం. మూత్రంలోనూ రక్తంలోనూ క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఉందన్నారు. ఐదు రోజుల్లో ఇంటికి వెళ్తామనుకున్నవాళ్లం ఇరవై రెండు రోజులు ఉన్నాం. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు, ఆ సంతోషం ఉంది.

కానీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆసుపత్రికి రాకముందు లేని ఇన్‌ఫెక్షన్ ఆసుపత్రిలో ఎలా వచ్చింది? ఇంకొకటి, రిపోర్టులో ఒక మందు పక్కన 0.5 అనీ, మరో మందు పక్కన 4 అనీ ఉంది. అంకె తక్కువ ఉన్న మందు ఎందుకు ఇవ్వలేదని నేను డాక్టర్‌తో గొడవపడ్డాను. నేను చేసింది తప్పా?

పాత ఐసీయూ సిస్టర్

బాబూ, మీరు అడగవలసిన చోటే అడిగారు.

చేరిన నలభై ఎనిమిది గంటల తరువాత మొదలై, చేరేటప్పుడు లేని ఇన్‌ఫెక్షన్‌ను సాధారణంగా ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్‌గా లెక్కిస్తాం. మూత్రపు గొట్టం లోపలికి ఒక దారి తెరిచి పెడుతుంది. క్రిములు చాలావరకు రోగి పేగుల్లోవే, లేదా మా చేతుల మీదుగా పక్క మంచం నుంచి వచ్చినవి. గొట్టం పక్కనుంచి, లోపలినుంచి పైకి పాకుతాయి. గొట్టం ఉన్న ప్రతి రోజూ ఆ ప్రమాదం పెరుగుతూ పోతుంది. తొమ్మిది రోజులు ఎందుకు ఉంచారని మీరు అడిగి ఉంటే మీకు జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆ వార్డుకు ఉంది. చాలాసార్లు జవాబు ఒక్కటే: తీయాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

బంధువులు చేయగలిగింది ఉంది. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, కానీ నేలకు తగలకూడదు. రోగిని స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు దాన్ని తీసి పొట్ట మీద పెడతారు, అప్పుడు మూత్రం వెనక్కి పారుతుంది, ఆపండి. రోజూ ఉదయం రౌండ్స్‌లో "ఈ గొట్టం ఇవాళ కూడా అవసరమా అండీ" అని అడగండి. అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అగర్ పళ్లెం

అంకెల సంగతి నేను చెబుతాను. మీరు గొడవపడటం తప్పు కాదు, ఆ రిపోర్టును మీకు విడమరిచి చెప్పకపోవడం తప్పు. ఆ అంకె, ఆ మందు క్రిమి పెరుగుదలను ఆపడానికి పరీక్షనాళికలో ఎంత గాఢత కావాలో చెబుతుంది. ఒక్కో మందు రక్తంలో ఒక్కో స్థాయికి చేరుతుంది, కాబట్టి ఒక్కో మందుకు హద్దు వేరు. ఒక మందుకు 0.5 ఉన్నా అది హద్దు దాటి ఉండవచ్చు, మరో మందుకు 4 ఉన్నా అది హద్దులోపలే ఉండవచ్చు. కిలోలనూ లీటర్లనూ పక్కపక్కన పెట్టి పోల్చలేం కదా. పక్కనే ఉండే ఎస్ (మందుకు క్రిమి లొంగుతుంది), ఆర్ (లొంగదు) అక్షరాలను చూడాలి. తరువాత ఆ మందు మూత్రంలోకి చేరుతుందా, కిడ్నీలు తట్టుకుంటాయా అని డాక్టర్ చూస్తారు.

మరొక మాట. గొట్టం ఉన్న రోగి మూత్రం పరీక్షిస్తే కొన్నాళ్లకు క్రిములు కనబడటం మామూలే. జ్వరం, ఇతర లక్షణాలు ఏవీ లేకుండా రిపోర్టు చూసి మందు ఇవ్వడం చాలా చోట్ల జరుగుతోంది. సంచిలోంచి మూత్రం తీసి పంపితే ఆ రిపోర్టుకు అర్థమే లేదు. గొట్టానికి ఉన్న శాంపిల్ పోర్టును తుడిచి, అక్కడ సిరంజితో తీయాలి.

మందుల గురించి రాస్తుంటే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. ఆయన పరిశోధనల డైరెక్టరుగా ఉన్న లెడర్లీ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. అది 1948లో లోకానికి తెలిసింది, అదే సంవత్సరం సుబ్బారావు గారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో అదే మొదటిది. ఇప్పుడు మా ల్యాబులో కార్బపెనెమ్‌లనే బలమైన యాంటీబయాటిక్‌లకు కూడా లొంగని క్లెబ్సియెల్లా పళ్లెం మూత తీసినప్పుడల్లా, ఆ తరం వాళ్లు కూడబెట్టిన ఆస్తిని మనం ఎలా ఖర్చు పెడుతున్నామా అని మనసు కలుక్కుమంటుంది.

థియేటర్ ఇంచార్జి

మా థియేటర్‌లో ప్రతి శనివారం ఫార్మలిన్, పొటాషియం పర్మాంగనేట్‌తో ఫ్యూమిగేషన్ చేసి ఇరవై నాలుగు గంటలు మూసేస్తాం. సోమవారం గోడలకు, టేబుల్‌కు స్వాబ్ తీసి ల్యాబుకు పంపుతాం. "ఎదుగుదల లేదు" అని వచ్చాకే కేసులు. ప్రతి వార్డులోనూ ఇలా చేస్తే ఇన్ని సమస్యలు రావు.

అగర్ పళ్లెం

ఇంచార్జి గారూ, మీ క్రమశిక్షణకు గౌరవం ఉంది. కానీ ఈ విషయంలో మీతో ఏకీభవించలేను. ఫార్మలిన్ నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. అది మీ సిబ్బంది కళ్లకూ ఊపిరితిత్తులకూ చేసే హాని నిజం, క్రిములకు చేసే హాని తాత్కాలికం. మురికి ఉన్న చోట ఆ పొగ లోపలికి దిగదు. తలుపు తెరిచి పదిమంది లోపలికి రాగానే గాలి మళ్లీ మామూలే. గోడ మీది స్వాబ్ సోమవారం ఉదయం సంగతి చెబుతుంది, మధ్యాహ్నం రెండో కేసు సంగతి చెప్పదు. కారణం లేకుండా వారం వారం స్వాబులు తీయనవసరం లేదు. ఒకే రకం ఇన్‌ఫెక్షన్ వరుసగా నలుగురికి వచ్చినప్పుడు తీయండి, అప్పుడు అది పరిశోధన.

రోగి గాయానికి గోడ తగలదు. తగిలేవి చేతులు, పరికరాలు. కేసుకూ కేసుకూ మధ్య డిటర్జెంట్‌తో కడగడం, తలుపులు మూసి ఉంచడం, గాలి ఫిల్టర్లు, యాంటీబయాటిక్ కోతకు ముందు గంటలోపు ఇవ్వడం, వీటిమీద ఆ శనివారం శ్రమ పెట్టండి.

మీ ఆటోక్లేవ్‌లో (ఆవిరితో పరికరాలను క్రిమిరహితం చేసే యంత్రం) జీవ సూచిక, అంటే క్రిములు నిజంగా చచ్చాయో లేదో తేల్చే బీజాల పరీక్ష, ఎన్నాళ్లకోసారి పెడుతున్నారో చెబుతారా?

థియేటర్ ఇంచార్జి

టేపు చూస్తాం. చారలు నల్లగా మారితే సరే అనుకుంటాం. జీవ సూచిక పెట్టడం లేదు.

అగర్ పళ్లెం

నిజం చెప్పినందుకు ధన్యవాదాలు. టేపు చారలు ఆ ప్యాకు వేడిలోకి వెళ్లిందని మాత్రమే చెబుతాయి. లోపలి గుడ్డ మడతలో 121 డిగ్రీల ఆవిరి పదిహేను నిమిషాలు నిలిచిందో లేదో చెప్పవు. డ్రమ్ము కూరి నింపితే ఆవిరి మధ్యకు చేరదు. జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా బీజాలను వారానికి ఒక్కసారైనా పెట్టి చూడండి. వేడికి అంత మొండి బీజాలు చచ్చాయంటే మిగతావి చచ్చినట్లే. ఎముకల్లో ప్లేట్లు, రాడ్లు వేసే రోజైతే ఆ ప్రతి లోడుకూ పెట్టాలి.

నర్సింగ్ పంతులమ్మ

చేతుల మాట వచ్చింది కాబట్టి, మా తరగతిలో పిల్లలు నిశ్శబ్దంగా వినే ఒకే ఒక్క పాఠం ఇక్కడ రాస్తాను.

వియన్నా ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండోదానిలో మంత్రసానులు. మొదటి విభాగంలో బాలింతలు ఎక్కువగా చనిపోయేవారు, ఆ సంగతి ఊరికంతా తెలుసు. అక్కడ వేయవద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్‌కు కారణం అంతుపట్టలేదు. 1847లో ఆయన మిత్రుడు కొల్లెట్ష్కాకు శవపరీక్ష చేస్తుండగా కత్తి గుచ్చుకుని, అదే రకం జబ్బుతో చనిపోయారు. అప్పుడు అర్థమైంది. విద్యార్థులు శవాల గది నుంచి నేరుగా కాన్పు గదికి వస్తున్నారు. క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్లతో చేతులు కడిగించారు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన చోట జూన్‌లో ఇద్దరే పోయారు. అప్పటికి క్రిమి సిద్ధాంతమే లేదు.

తోటి వైద్యులు మాత్రం ఒప్పుకోలేదు. తమ చేతులే చంపుతున్నాయని వినడం ఎవరికైనా కష్టమే. ఇప్పటికీ రౌండ్స్‌లో పెద్ద డాక్టర్‌కు "సార్, శానిటైజర్" అని గుర్తుచేయడానికి మా పిల్లలు వణుకుతారు.

చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సమయాలు ఇవి: రోగిని ముట్టుకునే ముందు, శుభ్రంగా చేయాల్సిన పనికి ముందు, రక్తం మూత్రం వంటివి తగిలే పని తరువాత, రోగిని ముట్టుకున్న తరువాత, రోగి మంచమూ బల్లా ముట్టుకున్న తరువాత. చివరిది అందరూ మరిచిపోతారు. అసినెటోబ్యాక్టర్ అనే క్రిమి మంచం కమ్మీ మీద, మానిటర్ బటన్ మీద పొడిగా రోజుల తరబడి బతుకుతుంది. చేతులకు మురికి కనబడకపోతే శానిటైజర్‌తో ఇరవై ముప్పై సెకన్లు చాలు. కనబడితే సబ్బు, నీళ్లు. క్లోస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా తెచ్చే విరేచనాల రోగి దగ్గర సబ్బు నీళ్లే, ఎందుకంటే దాని బీజాలను ఆల్కహాల్ చంపలేదు. గ్లౌజులు తీసేశాక కూడా చేతులు శుభ్రం చేసుకోవాలి.

శుభ్రత సూపర్‌వైజర్

ఇంత చర్చలో మా వాళ్ల ఊసే లేదు, అందుకే రాస్తున్నాను. నేను ఒక ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ చూస్తాను. నా కింద ఇరవై మంది, అందరూ కాంట్రాక్టు మీదే. గత సంవత్సరం పసుపు సంచి మోస్తున్న ఒక ఆయా తొడకు సూది గుచ్చుకుంది. సూది పసుపు సంచిలోకి ఎలా వచ్చింది? ఎవరో చదువుకున్నవాళ్లు వేశారు కాబట్టి.

ఆసుపత్రి వ్యర్థాల 2016 నిబంధనలు గోడల మీద బొమ్మలతో సహా అంటించి ఉన్నాయి. రక్తం అంటిన దూది, కట్లు, శరీర భాగాలు పసుపులో. గొట్టాలు, సూది లేని సిరంజీలు, గ్లౌజులు ఎరుపులో. సూదులు, బ్లేడ్లు గుచ్చితే చిల్లు పడని తెల్ల డబ్బాలో. గాజు సీసాలు నీలం డబ్బాలో. తెల్ల డబ్బా నర్సు బల్ల దగ్గర ఉంటుంది, సూది గుచ్చేది మంచం దగ్గర. ఆ పది అడుగుల దూరంలోనే అంతా జరుగుతుంది.

ఆమెకు హెపటైటిస్ బి టీకా లేదు. కాంట్రాక్టు వాళ్లకు ఎవరు వేయించాలో తేలక ఎవరూ వేయించలేదు. భయంతో రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అలాంటప్పుడు ఏం చేయాలో తెలుగులో ఎవరైనా రాయండి, ప్రింటు తీసి అంటిస్తాను.

అగర్ పళ్లెం

ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు అడిగింది ఇదిగో.

సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో, పారే నీళ్లతో కడగండి. పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పోయవద్దు. కంట్లో పడితే నీళ్లతో బాగా కడగండి. అప్పుడే, ఆ గంటలోనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, వీలైతే రెండు గంటల్లోపు, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. టీకా లేనివారికి హెపటైటిస్ బి టీకాతో పాటు, రోగికి ఆ వైరస్ ఉంటే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం, అదీ 24 గంటల్లోపే అయితే మంచిది.

టీకా లేని మనిషికి హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి ముప్పై దాకా ఉంటుంది. హెచ్ఐవీకి వెయ్యికి మూడు. అందరూ హెచ్ఐవీకే భయపడతారు, అసలు భయపడాల్సినదానికి టీకా ఉంది. మూడు డోసులు: మొదటి రోజు, నెలకు, ఆరో నెలకు. మీ ఇరవై మంది పేర్లతో ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీకి లేఖ రాయండి. ఎలా రాయాలో తెలియకపోతే నాకు సందేశం పంపండి, కలిసి రాద్దాం.

నల్లకుంట పెద్దాయన

మా హైదరాబాద్‌లో ఫీవర్ ఆసుపత్రిని పాతవాళ్లు కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాటే అలా మారింది. అంటురోగులను విడిగా ఉంచాలన్న జ్ఞానం ఆ పేరులోనే ఉంది. ఇప్పుడు చిన్న ఆసుపత్రుల్లో ఏసీ పెట్టి కిటికీలన్నీ బిగించి, దగ్గుతున్న టీబీ రోగిని అందరి మధ్య కూర్చోబెడుతున్నారు. దయచేసి కిటికీలు తెరవండి.

రాత్రి డ్యూటీ సిస్టర్

మూడు వారాల తరువాత రాస్తున్నాను. ఇంచార్జి సిస్టర్‌కు ఈ చర్చ చూపించాను. క్లోర్‌హెక్సిడిన్ తెప్పించారు. ప్రతి మంచం దగ్గరా చిన్న తెల్ల డబ్బా పెట్టించారు. మూత్రపు గొట్టం పెట్టిన తేదీ మంచం చార్టు మీద ఎర్ర సిరాతో రాస్తున్నాం.

ఈ మధ్య తొమ్మిది కల్చర్లు తీశాను, అన్నీ రెండు చేతుల నుంచి. చర్మం క్రిమి ఒక్కదానిలోనూ రాలేదు. మొన్న రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకు ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది: రెండు వైపులా గ్రామ్ నెగెటివ్ బాసిల్లై (గులాబీ రంగు పట్టిన కడ్డీల్లాంటి క్రిములు). డాక్టర్ గారిని నిద్ర లేపాను. ఆయన "శాంపిల్ ఎవరు తీశారు" అని అడిగారు. నేనే అన్నాను. ఇంకేమీ అడగకుండా మందు మార్చారు.

ఇంకొక సందేహం. నిన్న రాత్రి వెన్ను నీరు తీశారు. ల్యాబు మూసి ఉంది. మూత్రం లాగే ఫ్రిజ్‌లో పెట్టమన్నారు, పెట్టాను. సరేనా?

అగర్ పళ్లెం

కాదు సిస్టర్ గారూ, వెన్ను నీరు ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మూత్రాన్ని చల్లగా ఉంచేది అందులోని క్రిములు పెరిగిపోకుండా. వెన్ను నీటిలో మనం వెతికే, మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకోకస్, హీమోఫిలస్ వంటివి చలికి చచ్చిపోతాయి. గది వేడిలోనే ఉంచి వెంటనే పంపాలి. రాత్రి ఎంత పొద్దుపోయినా ల్యాబు టెక్నీషియన్‌కు ఫోన్ చేసి లేపండి. నిన్నటి శాంపిల్ ఫ్రిజ్‌లో ఉందని ఇప్పుడే మీ డాక్టర్‌కూ ల్యాబుకూ చెప్పండి. కల్చర్‌లో ఏమీ పెరగకపోతే జబ్బు లేదని పొరపడకుండా ఉంటారు.